అమ్మ ఇచ్చిన అలుపు

మా బడిలో పదో తరగతి మేడ మీద ఉంటుంది. ఇరవై రెండు మెట్లు. పదకొండేళ్ళుగా రోజుకు రెండు మూడు సార్లు ఎక్కి దిగుతున్న మెట్లే. ఆ జూన్‌లో, బడి తెరిచిన రెండో వారం, సగం ఎక్కేసరికి కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి కాదు. పిక్కల్లో తడి ఇసుక నింపినట్టు బరువు. పుస్తకం చంకలో పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఎవరైనా చూస్తారేమోనని సెల్‌ఫోన్ తీసి మెసేజ్ చదువుతున్నట్టు నటించాను. ఆ నటన తర్వాత నెలల తరబడి సాగింది.

ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను. ఒక్క విడతలో రాసింది కాదు ఇది. అరగంట రాస్తే కుడి కంటి రెప్ప వాలిపోతుంది, అప్పుడు ఆపేస్తాను. నా మనసు కుదుటపడటానికి కొంత, మా ఇంట్లో జరిగిన తప్పు ఇంకో ఇంట్లో జరగకూడదని కొంత రాస్తున్నాను.

నేను జీవశాస్త్రం టీచర్ని. మా బడి ధర్మవరానికి బస్సులో ఇరవై నిమిషాల దూరం. మా ఆయన నాగరాజు ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. మా మేనత్త కొడుకే. చిన్నప్పటి నుంచి ‘బావా’ అని పిలవడమే అలవాటు. ఒక్కతే కూతురు, మేఘన. అప్పుడు తొమ్మిదో తరగతిలో చేరింది. తన బడిలో ఖో ఖో జట్టులో ఆడుతుంది. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. మా అమ్మకూ షుగరే కాబట్టి అందులో వింతేమీ అనిపించలేదు.

జూలైకి మెట్లే కాదు, బస్టాండు నుంచి బడి గేటు దాకా నడవడం కూడా కష్టమైంది. సాయంత్రానికి రెప్పలు దించిన తెరల్లా కిందికి జారేవి. గడ్డం పైకెత్తి చూడాల్సి వచ్చేది. తరగతిలో కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం మొదలుపెట్టాను. మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు గానీ, ఒకరోజు స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నాడు.

“ఏమ్మా సరోజమ్మా, పిల్లోళ్ళు నిలబడి ఆన్సర్ చెప్తాంటే టీచరు కూర్చోని వినేదా? ఎవురైనా తనిఖీకొస్తే నేనేం చెప్పాల?”

హిందీ టీచర్ షాహీన్ మేడమ్ నా పక్కనే ఉంది. మర్నాడు టైంటేబుల్ పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, మేడ మీది నా పీరియడ్లు తాను తీసుకుంటానని, కింది గదుల్లోని తన పీరియడ్లు నాకిమ్మని అడిగింది. హిందీ టీచరు జీవశాస్త్రం ఎలా చెప్తుందని ఆయన నవ్వాడట. “పాఠం మార్చేది కాదు సార్, గది మార్చేది. పదో తరగతిని కిందికి దింపండి” అందట. అలా పదో తరగతి ఆమె గదిలోకి దిగింది, ఆమె క్లాసు మేడ మీదికి మారింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ కింది గదిలోనే శ్వాసక్రియ పాఠం చెప్పాను. ఏటీపీ గురించి ఏటా చెప్పే పాఠం. అడినోసిన్ ట్రై ఫాస్ఫేట్. అడినిన్ అనే క్షారం, దానికి రైబోజ్ అనే ఐదు కార్బన్ల చక్కెర, ఆ చక్కెరకు వరసగా మూడు ఫాస్ఫేట్లు. చివరి ఫాస్ఫేటు విడిపోయినప్పుడు శక్తి విడుదలవుతుంది. ఆ శక్తితోనే గుండె కొట్టుకుంటుంది, కన్ను తెరుచుకుంటుంది, చెయ్యి లేస్తుంది. మిగిలింది ఏడీపీ. కణంలోని మైటోకాండ్రియా, మనం తిన్న తిండినీ పీల్చిన గాలినీ వాడుకుని దానికి మళ్ళీ ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఇది చెప్తూ బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. అడినిన్ గీశాను, రైబోజ్ గీశాను, రెండు ఫాస్ఫేట్లు గీశాను. మూడోదానికి చెయ్యి లేవలేదు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి దానంతటదే తొడ మీదికి జారింది.

ముందు బెంచీలో పిల్ల లేచి, “మేడమ్, అది ఏడీపీ కదా?” అంది.

క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. వెనక్కి తిరిగి కుర్చీ దాకా నడిచిన ఆ నాలుగడుగులు ఎలా వేశానో నాకే తెలియదు.

ధర్మవరంలో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగాం. రక్తం తక్కువన్నారు, ఇనుము మాత్రలిచ్చారు. థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. విటమిన్ సూదులు వేశారు. ఒకాయన నా ఫైలు మూసేసి, “టీచర్లకు టెన్షన్ ఎక్కువమ్మా, మనసు ప్రశాంతంగా పెట్టుకోండి” అని నిద్రమాత్రలు రాశాడు. ఇంకొకాయన షుగర్ కొంచెం ఎక్కువుందని ఉన్న మాత్రల మోతాదు పెంచాడు. ఆ ఆస్పత్రుల వరండాల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద గంటలకొద్దీ కూర్చున్నాను. కాళ్ళు వాచినవాళ్ళు, దగ్గేవాళ్ళు, కట్లు కట్టుకున్నవాళ్ళు, అందరి జబ్బూ బయటికి కనబడుతోంది. నాది కనబడటం లేదు. కనబడని జబ్బును రోగి ఒక్కతే మొయ్యాలి, దానితో పాటు ఎదుటివాళ్ళ అనుమానాన్నీ మొయ్యాలి.

అనుమానం ఇంట్లోనూ మొదలైంది. బావ మంచివాడు. కానీ శ్రావణ మాసం దగ్గరపడింది, పెళ్ళిళ్ళ చీరలు మగ్గం మీదున్నాయి, వంటా మేఘన చదువూ సగం అతని మీదే పడ్డాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం వార్చి, గంజి గిన్నె దించలేక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మగ్గం గుంతలోంచి లేచి వచ్చి చూశాడు.

“మీ అమ్మ మాదిరే తయారైతాండావు” అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు ఓబులమ్మ. నల్లమాడ దగ్గర మా ఊళ్ళో ఉంటుంది. నాయన నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ వేరుశెనగ చేలల్లో కూలికి పోయి నన్ను చదివించింది. కానీ ఊళ్ళో ఆమెకున్న పేరు వేరు. కలుపు తీసేటప్పుడు అందరి సాళ్ళూ గట్టుకు చేరితే అమ్మ సాలు నడిమధ్యలో ఉండేది. మాటిమాటికీ చతికిలపడేది. రెప్పలు వాలి ఉండేవి కాబట్టి ‘నిద్రమొగంది’ అనేవాళ్ళు. మా నాయనమ్మ అయితే నేరుగా ‘సోమరిది’ అనే పిలిచేది. బావకూ ఆమె అమ్మమ్మే. ఆ మాట వింటూనే మేమిద్దరం పెరిగాం. నలభై దాటేసరికి అమ్మకు చెవుడు వచ్చింది. అప్పుడు, పని చెప్తే వినబడనట్టు నటిస్తోందన్నారు.

నేను కూడా నమ్మాను. ఎనిమిదో తరగతి సెలవుల్లో నేనూ కూలికి పోయేదాన్ని. ఒకరోజు అమ్మ సాలు వెనకబడితే కూలోళ్ళ పెద్ద సుబ్బమ్మ అందరి ముందూ కేకలేసింది. నేను సిగ్గుతో అమ్మ పక్క నుంచి లేచి వెళ్ళి సుబ్బమ్మ పక్క సాలు పట్టుకున్నాను. అమ్మ తలెత్తి చూసింది. నేను వేగంగా పని చేసి అందరికంటే ముందు గట్టెక్కాను. అంత చేసింది నేను ఆమె బిడ్డను కాదని చూపించుకోవడానికే.

అందుకే ఆ ఆదివారం బావ అన్న మాట ఎంత గుచ్చుకుందంటే, మర్నాటి నుంచి ఎలాగైనా లేచి తిరగాలని పట్టుబట్టాను. వరలక్ష్మీ వ్రతం వచ్చింది. ముందురోజు నుంచే జ్వరం. అయినా తలస్నానం చేసి, ఏమీ తినకుండా పూజ సామాను సర్దాను. షుగర్ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకున్నాను. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఆయాసం. పరుగెత్తి వచ్చినదానిలా ఎగశ్వాస. నేను మంచం మీద పడుకునే ఉన్నాను, కానీ ఊపిరి మాత్రం పరుగెడుతోంది.

బావ ఆటో తెచ్చాడు, ఆటోలోంచి అంబులెన్సు ఎక్కించారు. అనంతపురంలో ఐసీయూలో పడుకోబెట్టారు. మేఘన నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని అద్దం తలుపు అవతల నిలబడి ఉండటం గుర్తుంది. మిగతాది ముక్కలు ముక్కలుగా గుర్తు.

రెండో రోజు పొద్దున ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కర్నూలు వైపు మాట. నా రక్తంలో లాక్టిక్ ఆమ్లం చాలా ఎక్కువుందని చెప్పింది. తర్వాత నా రెప్పల్నే చూస్తూ నిలబడింది.

“ఇవి ఎప్పట్నుంచి ఇట్ల వాలతాండాయి?”

“రెండు నెలలైంది మేడమ్. సాయంత్రం ఎక్కువ.”

“మీ అమ్మకు చెవులు బాగా వినపడతాయా?”

ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకర్థం కాలేదు. వినపడవని చెప్పాను.

“ఆమెకు షుగరుండాదా?”

“ఉంది.”

“ఆమె రెప్పలూ ఇట్లే ఉంటాయా? తొందరగా అలిసిపోతుందా?”

అవునని తల ఊపాను. నలభై ఏళ్ళలో మా అమ్మ అలుపు గురించి తిట్టు లేకుండా ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

ఆ డాక్టరమ్మ నేను వేసుకుంటున్న షుగర్ మాత్ర ఆపించి ఇన్సులిన్ పెట్టించింది. ఆ మాత్ర లక్షలమంది వాడే మంచి మందే. ఎవరూ దీన్ని చదివి తమ మాత్రలు మానేయకూడదు. నా జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం, అందులోనూ జ్వరం, పస్తు తోడైతే, అది లాక్టిక్ ఆమ్లాన్ని పెంచే ప్రమాదం ఉందట. ఆమె అనుమానం రాసిన కాగితంతో నన్ను బెంగళూరు పంపించారు.

అక్టోబరులో ధర్మవరంలో రైలెక్కి వెళ్ళాం, నేనూ బావా. నరాల ఆస్పత్రి. తెల్లవారక ముందే వరస మొదలవుతుంది. మా ముందు ఎన్ని వందలమందో. బావ వరసలో నిలబడితే నేను గోడ పక్కన నేల మీద కూర్చున్నాను. బెంచీ మీద చింతామణి నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుని ఉంది, చెల్లెలికి మూర్ఛలని తీసుకొచ్చింది. నన్ను చూసి లేచి, “కూత్కొళ్ళమ్మా” అని కన్నడంలో అంటూ జబ్బ పట్టుకుని లేపి తన చోట కూర్చోబెట్టింది. తర్వాత తెలుగులోనే, “నాకేం, నేను రోగిని కాదు, నిలబడతా” అంది. ఆమె మూడు గంటలు నిలబడింది. మధ్యలో చెల్లెలికి తినిపించిన ముద్దలోంచి నాకూ ఒక ముద్ద పెట్టింది. పస్తుండొద్దని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకు తెలియదు. ఆకలి మొహం కనబడిందంతే.

తొడ దగ్గర చిన్న కోత కోసి కండ ముక్క తీశారు. రక్తం, మూత్రం జన్యు పరీక్షకు పంపారు. మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. డాక్టరుగారు నెరిసిన జుట్టున్న మనిషి, తెలుగు బాగానే వచ్చు. కాగితం ముందుకు లాక్కుని బొమ్మ గీయబోయాడు.

“ఏటీపీ అని ఒకటుంటుందమ్మా...”

“మా ఆవిడ అదే చెప్తుంది సార్ బళ్ళో” అన్నాడు బావ.

డాక్టరు పెన్ను నా వైపు జరిపాడు. నేను గీశాను. అడినిన్, రైబోజ్, మూడు ఫాస్ఫేట్లు. ఈసారి చెయ్యి ఆగలేదు. కూర్చుని ఉన్నాను, పొద్దున పూట, కడుపు నిండా తిన్నాను.

“ఒంట్లో ఏ క్షణానికైనా దీని నిల్వ ఎంత ఉంటుంది?” అని పరీక్ష పెట్టినట్టు అడిగాడు.

“చాలా కొద్ది సార్. వాడిందాన్ని వాడినట్టే మళ్ళీ తయారు చేసుకోవాలి.”

“ఆ తయారీ దగ్గరే నీకు లోటు. తిండి ఉంది, గాలి ఉంది. కానీ మైటోకాండ్రియాలు చాలావరకు సరిగా పని చెయ్యడం లేదు. మూడో ఫాస్ఫేటు కావలసినంత వేగంగా తిరిగి అంటుకోవడం లేదు. అప్పుడు కణం ఏం చేస్తుంది?”

“గాలి లేకుండా గ్లూకోజును సగంలో విరుస్తుంది. లాక్టిక్ ఆమ్లం మిగులుతుంది.”

పరుగుపందెంలో పిల్లల కాళ్ళు ఎందుకు పట్టేస్తాయో చెప్పడానికి ఏటా వాడే వాక్యమది. నా విషయంలో బోర్డు దాకా నడవడమే పరుగుపందెం. ఎక్కువ శక్తి కావలసిన చోట్ల ముందు దెబ్బ తగులుతుందని డాక్టరు చెప్పాడు. కండలు, రెప్పలు, లోపలి చెవి, ఇన్సులిన్ తయారయ్యే చోటు, ఒక్కోసారి గుండె, మెదడు. విడివిడిగా చూస్తే నాలుగు జబ్బులు. కలిపి చూస్తే ఒకటే.

“నయమవుతుందా సార్?” అని బావ అడిగాడు.

“నయం చేసే మందు ఇప్పటికి లేదు. జాగ్రత్తలున్నాయి. కొన్ని విటమిన్లు ఇస్తా, కొంతమందికి పని చేస్తాయి. పస్తు ఉండకూడదు. జ్వరమొస్తే ఇంట్లో కూర్చోకూడదు. అలిసిపోయాక కాదు, అలిసిపోక ముందే విశ్రాంతి.”

ఆయన తర్వాత చెప్పబోయే మాట నాకు ముందే తెలుసు. మైటోకాండ్రియాకు సొంత జన్యు పదార్థం ఉంటుంది. అది బిడ్డకు తల్లి నుంచే వస్తుంది. అనువంశికత పాఠంలో ఆ ముక్క నేనే చెప్తాను, పిల్లలకు అదొక వింతలా ఉంటుంది. మా అమ్మ నుంచి నాకు. నా నుంచి మేఘనకు.

డాక్టరు చెప్పాడు, ఆ లోపం బిడ్డకు ఎంత మేరకు వెళ్తుందో ఎవరూ చెప్పలేరని. కొందరికి ఏమీ కనబడకపోవచ్చు, కొందరికి చెవుడొక్కటే రావచ్చు. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్లకు జన్యు పరీక్ష చెయ్యమని తాను తొందరపెట్టనని, పెద్దయ్యాక తనే తేల్చుకోవచ్చని, అప్పటిదాకా ఏటా చెవులూ షుగరూ గుండే చూపిస్తే చాలని అన్నాడు.

రైలు హిందూపురం దాటింది. బావ కిటికీలోకి చూస్తూనే, “మీ అమ్మ మాదిరని అన్యా కదా ఆ పొద్దు” అన్నాడు.

“అన్నావు.”

“మా అమ్మమ్మ అంటాంటే ఇని నేర్చుకున్న్యా ఆ మాట.” కిటికీ అద్దం దించి, “పాపకు చెప్పాల్నా?” అన్నాడు.

చెప్పాలని నేనన్నాను. ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియదు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు వాయిదా వేశాం. చివరికి మేఘనే అడిగింది. నా ఫైలు చదివేసింది. బయాలజీ టీచరు కూతురు, కాగితం మీద ‘మాతృ వంశం ద్వారా’ అన్న అర్థమొచ్చే మాట పట్టుకోవడం ఎంతసేపు.

“మా, ఇది నాకూ ఉండాదా?” అంది.

“తెలీదు” అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

నవంబరు చివర్లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె పరీక్షకు మూత్రం కావాలన్నారు, దానికోసమూ, ఆమెకు చెప్పడం కోసమూ. ఆ ఏడాది వానలు నడిమధ్య ఎగ్గొట్టాయి, వేరుశెనగ సగం పంటే. అమ్మ ఇంటి ముందు ఎండిన చెట్ల కుప్ప దగ్గర కూర్చుని కాయలు తెంపుతోంది. కూర్చుని చేసే పని కాబట్టి ఆమెకు ఇస్తారు. పక్కనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళలో సుబ్బమ్మ. ముసలిదైపోయింది, గొంతు మాత్రం అదే.

“ఏమే సరోజా, చిక్కిపోయినావే. బెంగళూరు పోయొచ్చినావంట?”

అమ్మ నన్ను చూసి గడ్డం పైకెత్తింది. రెప్పలు సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూసిన మొహమే. కానీ ఆ రోజు నేను నా మొహాన్ని చూశాను.

లోపలికి రమ్మన్నాను. చేతిలో కాయలు వదిలి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, “ఈడ్నే చెప్పు, లేసేదానికి కాలేదు” అంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పబోయాను. “ఆఁ?” అంది. ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వీధి వీధంతా వినబడేట్టు.

“అమ్మా, నాకొక జబ్బు. అది నీక్కూడా ఉంది. పుట్టినప్పట్నుంచీ ఉంది. అందుకే నీకు కాళ్ళు రావు. చెవుడూ దాంతోనే, షుగరూ దాంతోనే.”

“జబ్బా?”

“ఆ, జబ్బు. తిన్న తిండి బలం కాదు మన ఒంట్లో. నువ్వు సోమరిదానివి కాదమ్మా.”

కాయలు తెంపే చప్పుడు ఆగిపోయింది. అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“నేను చెప్తానే ఉంటి కదా, కాళ్ళు రావని” అంది. “మీ నాయనమ్మకు చెప్పినా. ఈ సుబ్బికి చెప్పినా. ఎవురిన్యారు?”

సుబ్బమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. “మాకేం తెలుసు ఓబులా. చూసేదానికి దిట్టంగానే ఉంటివి” అంది. అమ్మకు అది వినబడలేదు. సుబ్బమ్మ మళ్ళీ గట్టిగా చెప్పలేదు. కాసేపటికి అమ్మ ముందున్న కుప్పలోంచి సగం తన వైపు లాక్కుంది.

నేను ఆ సెలవుల నాటి సాలు సంగతి చెప్పాలనుకునే వచ్చాను. “అమ్మా, నేనొకరోజు నీ పక్క నుంచి లేచిపోయి...” అని మొదలుపెట్టాను. అందరి ముందూ గట్టిగా అరిచి చెప్పాల్సిన క్షమాపణ అది. అక్కడికే ఆపేశాను. అమ్మ నా పెదాలు చూసి ఎంత అర్థం చేసుకుందో తెలియదు. నా చెయ్యి పట్టుకుని, “నీకు నేనే ఇచ్చినట్ల?” అంది.

తల ఊపాను.

“పాపకు?”

అప్పటిదాకా వీధి దద్దరిల్లేట్టు మాట్లాడినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు గుసగుసగా, “తెలీదమ్మా” అన్నాను. ఆమె మళ్ళీ చెప్పమనలేదు. నా చెయ్యి వదల్లేదు.

అమ్మ పరీక్షలోనూ అదే లోపం కనబడింది. ఆమె వాడుతున్నదీ నేను వాడిన షుగర్ మాత్రే. డాక్టరును అడిగి మార్పించాం. ఏళ్ళుగా ఆమెను పీడిస్తున్న వికారం రెండు వారాల్లో తగ్గింది. అన్నం తినగలుగుతోంది. చెవికి మిషన్ పెట్టించాం. మొదటి వారం దాన్ని తీసి డబ్బాలో పెట్టి, “ఊరంతా ఇంత అరుస్తారా” అని విసుక్కుంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. బావ ఆమెకు మగ్గం పక్కనే మంచం వేశాడు. ఆమె కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతుంది, అలుపొస్తే పడుకుంటుంది. పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ అలవాటు లేక మొదట్లో పగలు పడుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది.

నేను జనవరిలో బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. బాగైపోయానని చెప్పను. కుడి చెవిలో సన్నని హోరు మొదలైంది. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. గంటకోసారి ఏదో ఒకటి తింటాను, పీరియడ్ మార్చి పీరియడ్ కళ్ళు మూసుకుంటాను. హెడ్మాస్టరు ఇప్పుడేమీ అనడు. షాహీన్ మేడమ్ ఆయనకు ఏం చెప్పిందో నేనడగలేదు. కొన్ని రోజులు మంచివి, కొన్ని రోజులు దువ్వెన ఎత్తడమే పెద్ద పని. ఎలాంటి రోజో నిద్ర లేచేదాకా తెలియదు.

ఒంటికంటే ఎక్కువ బాధపెట్టింది మేఘన. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గదిలోకి వెళ్ళేసరికి అద్దం ముందు నిలబడి రెండు రెప్పలూ వేళ్ళతో ఎత్తి వదులుతోంది. ఎత్తి, వదిలి, ఎంత దూరం జారుతున్నాయో చూసుకుంటోంది. నన్ను చూసి చేతులు దించేసింది.

“ఖో ఖో ప్రాక్టీసు లేదా ఈ పొద్దు?” అన్నాను.

“మానేసినా.”

“ఏంటికి?”

అద్దానికి వీపు తిప్పి ఒక్కసారిగా చెప్పింది. “ఉరికొస్తే నాకు అలుపొస్తాది మా. అందరికీ వస్తాది. కానీ నేను ఎగపోస్తాంటే నువ్వు చూస్తావే, ఆ చూపు నాకు భయం. అవ్వను కూడా ఎవురూ అట్ల చూసుండరు.”

నిజమే. బెంగళూరు నుంచి వచ్చినప్పటి నుంచి నేను దాని మెట్ల అలుపు లెక్కపెడుతున్నాను, నిద్ర లెక్కపెడుతున్నాను, అన్నం దగ్గర రెప్పలు చూస్తున్నాను. మా నాయనమ్మ అమ్మను తిట్టి కుంగదీసింది. నేను నా బిడ్డను చూపుతో కుంగదీస్తున్నాను.

డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. ఏ లక్షణమూ లేని పిల్ల ఆడుకోవచ్చన్నాడు. నొప్పి వచ్చినా కళ్ళు తిరిగినా ఆపాలి, తిని ఆడాలి, నీళ్ళు తాగాలి. ఆ మాటలు మేఘనకు స్పీకరులో వినిపించాను. మర్నాడు బూట్లు వేసుకుని వెళ్ళింది.

పోయిన శనివారం వాళ్ళ బడి జట్టుకు పోటీ. నేను వెళ్ళాను. గ్రౌండు పక్కన నీడలో కుర్చీ వేశారు. మేఘన లోపలికి దిగింది. కూర్చున్న పిల్లల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ, ఎర్రటి దుమ్ము లేపుతూ పరుగెత్తింది. ఎంతసేపో నాకు తెలియదు, వాచీ చూసుకోకుండా రెండు చేతులూ ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. చివరికి అవుటైంది. నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. ఎగశ్వాస. నాకు తెలిసిన శ్వాసే అది. అందరు పిల్లలదీ అదే శ్వాస. తేడా చెప్పగలిగే చదువు నాకు లేదు.

తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపు కోసమే చూసింది. నా చెయ్యి దాని మణికట్టు వైపు కదిలింది. వెనక్కి తీసుకున్నాను.

“ఎంతమంది అవుటైనారు మీవాళ్ళు?” అని అడిగాను.

“ఇంగా ఇద్దరుండారు మా” అని గ్రౌండు వైపు తిరిగింది.